ముగ్గేసే చోటు (3): గళ్ళ నుడికట్టుపై అపోహలు - వాస్తవాలు

పొద్దున్నే పేపరు చేతికి రాగానే హెడ్డింగులు కూడా చూడకుండా గడి, అంటే గళ్ళ నుడికట్టు (క్రాస్‌వర్డ్) ఉన్న పేజీ తిప్పేవాళ్ళలో నేనొకణ్ణి. పదిహేనేళ్ళుగా రోజూ పూరిస్తున్నాను. కొన్నేళ్ళుగా ఒక పత్రికకు గడులు కూర్చి ఇస్తున్నాను కూడా. ఇన్నేళ్ళలో నాకు ఎదురైన అపోహలు చాలావరకు ఒకే రకం. వాటివల్ల గడి జోలికే రాకుండా ఆగిపోయినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: పురాణాలు, కావ్యాలు చదివినవాళ్ళకే గడి వస్తుంది

మా పై వాటాలో ఉండే పిన్నిగారు ఒకరోజు పేపరు పట్టుకుని కిందికి వచ్చారు. "బాబూ, శివుడి విల్లు అట, మూడక్షరాలు. నాకు పురాణాలేవీ రావు. ఇది మనవల్ల కాదులే" అన్నారు.

"దాన్ని వదిలేయండి పిన్నిగారూ, దాని మధ్య గడిలోంచి నిలువుగా దిగేది ఏముందో చదవండి" అన్నాను.

"దుక్కి దున్నేది. ఇదీ మూడే." వెంటనే అరక అన్నారు. తర్వాత నాగలి అన్నారు. వాళ్ళ పుట్టిల్లు రాయలసీమ, అక్కడ మడక అంటారని గుర్తు చేసుకున్నారు. పుస్తకాల మాటలో హలము. నాలుగూ మూడక్షరాలే! ఏది రాయాలి? ఇప్పుడు ఆ నిలువు మాట చివరి అక్షరం దగ్గర ఆగే అడ్డం ఆధారం (జవాబుకు ఇచ్చే సూచన) చూశాం: ముగ్గేసే చోటు (3). ఆ అంకె జవాబులో అక్షరాల లెక్క. వాకిలి అన్నారు. ముంగిలి కూడా కావచ్చుగా అని సందేహపడ్డారు. లోగిలి అన్నా తప్పు లేదు. కానీ మూడింటికీ చివర ఉన్నది 'లి' ఒక్కటే. ఆ 'లి' రాసుకోగానే అరక, మడక, హలము పక్కకు తప్పుకున్నాయి, నాగలి నిలబడింది. నాగలిలోని 'నా' వచ్చి శివుడి విల్లు మధ్యలో కూర్చుంది.

పిన్నిగారు ఒక్క క్షణం ఆగి, "మా వాడు నెల్లూరు వెళ్ళే బండి... పినాకిని. పినాకం!" అన్నారు.

వాస్తవం ఇదే. తెలిసిన చిన్న మాట తెలియని పెద్ద మాటను లాక్కొస్తుంది. ముగ్గేసే చోటు తెలిసిన మనిషి శివుడి విల్లు దాకా వెళ్ళగలిగింది. పురాణ జ్ఞానం అక్కడ ఆఖరున వచ్చి చేరింది. విజయవాడ, చెన్నై మధ్య తిరిగే ఆ బండికి ఆ పేరు పెన్నా నది వల్ల వచ్చింది. కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, నెల్లూరు మీదుగా బంగాళాఖాతంలో కలిసే పెన్నాకు పినాకిని అని ఇంకో పేరు. నాగలి దగ్గర ఆగినా దొరికేది తక్కువేమీ కాదు. బలరాముడి ఆయుధం అదే, అందుకే ఆయన హలాయుధుడు. సీత అంటే నాగటి చాలు. జనకుడు నేల దున్నుతుంటే దొరికింది కాబట్టి ఆ పేరు. మూడు గళ్ళ మాట వెనక ఇంత కథ ఉంటుంది. నాకు గడి అంటే ప్రాణం కావడానికి కారణం ఇదే.

అపోహ: ఇంగ్లీషు క్రాస్‌వర్డ్‌ను తెలుగులోకి మారిస్తే తెలుగు గడి

పుట్టుక అక్కడిదే, కాదనను. లివర్‌పూల్‌లో పుట్టిన ఆర్థర్ విన్ 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వజ్రాకారంలో ఒక పజిల్ ఇచ్చాడు. దానికి పెట్టిన పేరు వర్డ్-క్రాస్. కొన్ని వారాలకు అచ్చు కూర్చేటప్పుడు మాటలు తారుమారై క్రాస్-వర్డ్ అయింది, అదే నిలిచిపోయింది.

కానీ తెలుగు గడి లోపలి నిర్మాణం వేరు. అక్కడ ఒక గడిలో పడేది 26 అక్షరాల్లో ఒకటి. మన గడిలో పడేది గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ కలిసిన పూర్తి అక్షరం. 'స్త్రీ' ఒకే గడి. 'భక్త ప్రహ్లాద' అయిదు గళ్ళు. హల్లులకు గుణింతాలు కలుపుకుంటేనే వందల అక్షరాలు, ఒత్తులు ఇంకా లెక్కలోకి రాలేదు. అడ్డానికీ నిలువుకూ అదే అక్షరం, అదే గుణింతంతో కలవాలి. 'కి' ఉన్నచోట 'కీ' పడితే కుదరదు. అందుకే మన గడుల్లో నల్లగళ్ళు ఎక్కువ, మాటలు కాస్త పొట్టివి. కూర్చేవాడికి అది చచ్చేంత కష్టం. పూరించేవాడికి మాత్రం వరం. ఇంగ్లీషులో ఒక ఆర్ వచ్చి పడితే దాంతో ఎన్నో మాటలు మొదలవుతాయి. మన 'ర్షం' చివర పడిందంటే వర్షం, హర్షం లాంటి నాలుగైదు మాటల దగ్గరికి వచ్చేసినట్టే.

ఫోన్లలో తెలుగు గడి తయారుచేసే కుర్రాళ్ళకు ఒక మాట. యూనికోడ్ లెక్కలో 'స్త్రీ' ఆరు కోడ్‌లు. అక్షరాలను కాకుండా కోడ్‌లను లెక్కపెడితే ఒక్క గడి మాట ఆరు ముక్కలవుతుంది. ముందు అక్షరాన్ని విడగొట్టడం సరిచేసుకుని, తర్వాత రంగులూ హంగులూ చూసుకోండి.

అపోహ: కూర్చేవాడు మోసం చేస్తాడు

"మర తిప్పితే లక్ష్మి (2)" అని ఒకసారి ఇచ్చాను. పిండిమరకూ లక్ష్మికీ ఏం సంబంధం అని కోపంగా అడిగారొకరు. 'మర' అన్న మాటనే తిప్పండి, 'రమ' వస్తుంది. రమ అంటే లక్ష్మి. "తల తిరిగిన తీగ (2)" అంటే లత. వాల్మీకి మరా మరా అంటుంటే రామ రామ అయిందన్న కథ మనందరికీ తెలుసు. ఆ ఆట మన భాషలో ఎప్పటినుంచో ఉంది. తిరిగితే, అటునుంచి, తలకిందులైతే అని ఉంటే వెనక్కి చదవాలి. తడబడితే, కలగాపులగమైతే అని ఉంటే అక్షరాలు చెదిరాయన్నమాట. తోక తెగితే చివరి అక్షరం పోయింది. మంచి ఆధారంలో ఒక్క మాట కూడా ఊరికే ఉండదు. జవాబు తెలిశాక కూడా ఆధారం అర్థం కాలేదంటే తప్పు కూర్చినవాడిదే.

అపోహ: అచ్చయిన జవాబు కాబట్టి అది నిజమే

ఇది నేను చేసిన తప్పు. "1931లో విడుదలైన తొలి తెలుగు టాకీ (5)" అని రాశాను. మర్నాడు ఒక పెద్దాయన ఫోన్ చేసి, "భక్త ప్రహ్లాద విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న నాయనా" అని ఓపికగా చెప్పారు. 1931 సెప్టెంబరు 15 అని చాలా ఏళ్ళు అందరూ రాశారు, నేనూ పాత పుస్తకం చూసి రాసేశాను. తర్వాతి పరిశోధన ఆ తేదీని సరిదిద్దిన సంగతి నాకు తట్టలేదు. గడి మాత్రం సరిగ్గానే నిండింది, ఎవరికీ ఇబ్బంది కలగలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వందలమంది తప్పు సంవత్సరాన్ని నిజమనుకుని గుర్తుపెట్టుకుని ఉంటారు. అప్పటినుంచి తేదీ ఉన్న ఆధారాన్ని రెండుచోట్ల చూడకుండా పంపను.

కొన్నిచోట్ల రెండు రూపాలూ చెల్లుతాయి. తెలుగు సంవత్సరాల్లో మొదటిది ప్రభవ. అరవయ్యోదాన్ని క్షయ అంటారు, అక్షయ అని కూడా అంటారు. అక్కడ తీర్పు చెప్పేది గళ్ళ లెక్క.

అపోహ: నిఘంటువు చూడటం దొంగతనం

కాదు. పోటీలో కూర్చుంటే తప్ప, కానే కాదు. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది, శబ్దరత్నాకరం 1885లో. అవి వాడుకోవడానికే ఉన్నాయి. నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే: ముందు ఊహించి పెన్సిల్‌తో రాయాలి, తర్వాత చూడాలి. ఊహించకుండా చూసిన మాట రెండో రోజుకి గుర్తుండదు.

అపోహ: రోజూ గడి పూరిస్తే మతిమరుపు జబ్బు రాదు

ఈ మాట చెప్పి గడులు అమ్మడం నాకు ఇష్టం లేదు. మతిమరుపు జబ్బును గడి ఆపుతుందని రుజువు కాలేదు. అమెరికాలో స్వల్పంగా జ్ఞాపకశక్తి తగ్గిన 107 మందిపై 78 వారాలు జరిగిన ఒక అధ్యయనం 2022లో వచ్చింది. కంప్యూటర్ ఆటలు ఆడినవాళ్ళకన్నా క్రాస్‌వర్డ్ చేసినవాళ్ళ ఫలితాలు కాస్త మెరుగ్గా ఉన్నాయి. ఆశ కలిగించే సంగతే. కానీ ఇంట్లో పెద్దవాళ్ళు దారి మర్చిపోతున్నారంటే చేతిలో గడి పెట్టి ఊరుకోకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

అపోహ: ఇది పనిలేనివాళ్ళ కాలక్షేపం

1924లో న్యూయార్క్ టైమ్స్ కూడా అలాగే తీసిపారేసింది. అదే పత్రిక 1942లో క్రాస్‌వర్డ్ మొదలుపెట్టింది. మన దగ్గర శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అన్నారు, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నారు. ఇద్దరూ స్వయంగా కూర్చారు. అంతటి కవులు నల్లగళ్ళూ తెల్లగళ్ళూ గీసుకుని కూర్చున్నారంటే ఆ పనిలో వాళ్ళకు భాష కొత్తగా కనిపించి ఉండాలి.

మొదలుపెట్టాలనుకుంటే రెండక్షరాల ఆధారాలతో మొదలుపెట్టండి. రేపటి గడి కోసం ఇప్పుడే ఒకటి కూర్చాను: ఉదయగిరిలో దొరికే కనికరం (2). నెల్లూరు జిల్లాలో ఆ కోట ఎవరు కట్టారో తెలియాల్సిన పని లేదు. ఊరి పేరును ఒక్కో అక్షరం ఒక్కో గడిలో వేసి, నెమ్మదిగా చదవండి.