మూడో తరగతి ఏ బడిది?

ఆంధ్రప్రదేశ్‌లో బడులు తెరిచే జూన్ వచ్చిందంటే ఈ గొడవ మళ్లీ రాజుకుంటుంది. తల్లులు ఊరి బడి గేటు ముందు కూర్చుంటారు. ఎంఈవో (మండల విద్యాధికారి) వచ్చి సర్దిచెప్పబోతారు. పిల్లల్ని పక్క బడికి పంపం అని తెల్లకాగితం మీద రాసి సంతకాలు పెట్టి ఇస్తారు. ఊరి బడిలోని మూడు, నాలుగు, ఐదు తరగతులను వేరే బడికి మార్చడాన్ని 2022లో ప్రభుత్వం మ్యాపింగ్ అంది, జనం విలీనం అన్నారు. 2025 నుంచి మోడల్ ప్రైమరీ స్కూల్ అంటున్నారు. పేరు ఏదైనా తల్లులు అడిగేది ఒకటే: ఎనిమిదేళ్ల పిల్ల చదవాల్సిన మూడో తరగతి మా బడిలో ఉంటుందా, ఉండదా?

సర్కారు బడికి పిల్లలు ఎందుకు తగ్గుతూ వచ్చారు, ఇంగ్లిష్ మీడియం మోజు ఎలా పెరిగింది, కాన్వెంటు వ్యాన్లు పల్లెల్లోకి ఎప్పుడొచ్చాయి అన్న పాత కథ అందరికీ తెలిసిందే. దాన్ని వదిలేస్తున్నాను. ఇవాళ్టి చిక్కుముడి పడింది 2022 జూన్ 10న, 117 నంబరు జీవో వచ్చిన రోజున అని నా నమ్మకం. ఆ జీవో తర్వాత రద్దయింది. ముడి మాత్రం అలాగే ఉంది.

అంతకుముందు లెక్క సులువు. ప్రాథమిక పాఠశాల అంటే ఒకటి నుంచి ఐదు. ఆరో తరగతికి పిల్లలు పెద్దబడికి వెళ్లేవాళ్లు. అప్పటికి పదేళ్లు దాటుతాయి కాబట్టి నలుగురు కలిసి నడిచిపోతారు, సైకిలుంటే తొక్కుకుంటూ పోతారు. జీవో 117 ఈ గీతను మూడేళ్లు కిందికి జరిపింది. మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గర్లోని హైస్కూలులోనో, ఏడెనిమిది తరగతుల దాకా ఉండే ప్రీ హైస్కూలులోనో కలిపి, పాత బడిలో ఒకటి, రెండు తరగతులు మిగిల్చి, దానికి ఫౌండేషనల్ స్కూల్ అని పేరు పెట్టింది. మొత్తం బడులు ఆరు రకాలయ్యాయి. నిజానికి కసరత్తు అంతకుముందు ఏడాదే మొదలైంది. 2021లో హైస్కూలుకు 250 మీటర్ల లోపు ఉన్న బడులను ముందు తీసుకున్నారు. వాటిలో చాలావరకు ఒకే ఆవరణలోనో, పక్క వీధిలోనో ఉన్నవే కాబట్టి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2022లో ఆ దూరం కిలోమీటరుకు పెరిగింది. గొడవ అప్పుడు ఊళ్లకు పాకింది.

ఆ కిలోమీటరు కాగితం మీద చిన్నదే. విద్యాహక్కు చట్టం కింద ఐదో తరగతి లోపు పిల్లలకు బడి కిలోమీటరు దూరంలో ఉండాలి కాబట్టి చట్టాన్ని దాటలేదని అధికారులు చెప్పగలిగారు. కానీ మధ్యలో వాగు ఉంటే? లారీలు ఆగకుండా పోయే హైవే ఉంటే? అంతకు మించిన దూరమైతే రవాణా భత్యం కింద నెలకు 600 రూపాయలు ఇస్తారు. రోడ్డు దాటించడానికి పొద్దున ఒక మనిషి, సాయంత్రం ఒక మనిషి కావాలి. కూలికి వెళ్లే ఇంట్లో ఆ మనిషి ఎవరు?

ఆ ఏడాది బడులు జులై 5న తెరిచారు. ఆ నెలలోనే నేను చూసిన ఒక బడి గురించి చెప్పాలి. ఊరి పేరు రాయను. ఎస్సీ కాలనీలో రెండు గదుల బడి. సర్కారు బడులను బాగుచేసే నాడు-నేడు పనులు అయిపోయాయి, టైల్స్ మెరుస్తున్నాయి, కొత్త బెంచీల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా పూర్తిగా తీయలేదు. ఒక గది ఖాళీగా ఉంది. రెండో గది ముందు మెట్టు మీద రెండో తరగతి పిల్లాడు పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, అన్నం ముట్టలేదు. అంతకుముందు వాడి పక్కన అక్క కూర్చునేదట. గుడ్డు ఒలిచి పెట్టేది, పళ్లెం కడిగేది, సాయంత్రం చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లేది. అక్క మూడో తరగతికి వచ్చింది. ఇప్పుడు మెయిన్ రోడ్డు అవతల హైస్కూల్లో ఉంది.

"ఇద్దర్నీ రెండు దిక్కులకు పంపి నేను నాట్లకు ఎట్టా పోయేది?" అంది వాళ్లమ్మ.

దసరా సెలవులు అయ్యేసరికి ఆ పిల్లాడు ప్రైవేటు బడిలో చేరాడు. వ్యాను ఇంటి ముందుకే వస్తుంది.

విలీనం గురించి జరిగిన చర్చలో ఈ సంగతి ఎక్కడా రాలేదు. పల్లెల్లో చిన్న పిల్లల్ని బడికి తెచ్చేది చాలాసార్లు పెద్ద పిల్లలే. మూడు, నాలుగు, ఐదు తరగతులు వెళ్లిపోతే ఒకటి, రెండు తరగతులకు తోడు పోయింది. రెండేళ్లకే బడి మార్చాల్సి వచ్చేటప్పుడు, మార్చేదేదో ఒకేసారి పదో తరగతి దాకా ఉన్న ప్రైవేటు బడికే మారుద్దాం అనుకున్న తల్లిదండ్రులను తప్పుపట్టలేం. అమ్మ ఒడి డబ్బు ప్రైవేటు బడిలో చదివించినా వచ్చేది. ఇప్పుడు తల్లికి వందనం కూడా అంతే. అలా ఒకటో తరగతిలో చేరేవాళ్లు తగ్గారు. తగ్గిన సంఖ్య యుడైస్ (దేశంలోని బడుల వివరాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ వ్యవస్థ) లెక్కల్లోకి ఎక్కింది. తర్వాత ఏ బడికి ఎందరు టీచర్లు అని తేల్చినా, ఆధారం ఆ లెక్కే.

అప్పటి ప్రభుత్వం తన వాదన వినిపించింది. ఒక్క బడినీ మూయడం లేదని, మూడో తరగతి నుంచే సబ్జెక్ట్ టీచర్లు చెబుతారని, ఐదు తరగతులకు ఒకే టీచరు ఉన్న బడిలో చదువు ఎలా సాగుతుందని అడిగింది. చివరి ప్రశ్న న్యాయమైనదే. అభ్యంతరాలు వచ్చిన చోట కమిటీలు వేసి కొన్ని బడులను మినహాయించింది కూడా. కానీ ఇదంతా 2020 జాతీయ విద్యావిధానం ప్రకారమే అన్న మాట దగ్గర ఆగాలి. ఆ విధానం మూడు నుంచి ఐదు తరగతులను ఒక దశగా చూపింది. వాటిని హైస్కూలుకు తరలించమని చెప్పలేదు. పైగా బడుల విలీనం ఆచితూచి చేయాలని, పిల్లలకు బడి అందుబాటులో లేకుండా పోయే పరిస్థితి రాకూడదని అందులోనే ఉంది. చిన్న బడులను కలిపి ఒక సముదాయంగా నడపమని, టీచర్లను, ల్యాబులను పంచుకోమని సూచించింది. ఈ స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన 1964-66 నాటి కొఠారీ విద్యా కమిషన్‌దే. అందులో కదలాల్సింది టీచరు. మనం పిల్లల్ని కదిపాం.

ఎందుకు కదిపామన్నదానికి జవాబు టీచర్ల లెక్కలో దొరుకుతుంది. 2018లో డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) తర్వాత మళ్లీ 2024 ఫిబ్రవరి దాకా డీఎస్సీ నోటిఫికేషన్ లేదు. అది కూడా ముందుకు సాగకుండానే రద్దయింది. కొత్త టీచర్లు రాకుండా మూడో తరగతి నుంచి సబ్జెక్ట్ టీచర్లను ఇవ్వాలంటే ఉన్నవాళ్లను ఒకచోట చేర్చాలి. అందుకు పిల్లల్ని ఒకచోట చేర్చాలి. జీవో 117 అసలు విషయమే సిబ్బంది పునర్విభజన. యూటీఎఫ్ లాంటి ఉపాధ్యాయ సంఘాలు అప్పుడే ఈ మాట చెప్పాయి. పోస్టులు మిగిల్చుకోవడానికే ఇదంతా అన్నాయి. ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో రాష్ట్ర బడుల్లో నడిచే 'సాల్ట్' ప్రాజెక్టుకు, దీనికి సంబంధం ఉందని విమర్శకులు ఆరోపించారు. ఆ ఆరోపణ సంగతి ఎలా ఉన్నా, పోస్టుల గురించి సంఘాలు చెప్పింది కళ్లముందే జరిగింది. ఒకటి, రెండు తరగతులే మిగిలిన బడికి ఒక్క ఎస్జీటీ (ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరు) మిగిలారు. ఆ టీచరు సెలవు పెడితే బడికి సెలవే.

2024లో ప్రభుత్వం మారింది. జీవో 117ను రద్దు చేస్తామన్న మాట ప్రకారం 2025 మేలో కొత్త జీవోలు వచ్చాయి. విద్యామంత్రి నారా లోకేశ్ దీన్ని సంస్కరణగా చెప్పారు. అందులో మంచి ఉంది, కాదనను. హైస్కూళ్లకు వెళ్లిన మూడు, నాలుగు, ఐదు తరగతులు ప్రాథమిక బడికి తిరిగి రావాలన్నారు. మోడల్ ప్రైమరీ స్కూల్లో తరగతికో టీచరు ఉండాలన్నారు. తరగతికో టీచరు అన్న మాట కోసం మన పల్లెలు ఎన్నేళ్లుగా చూస్తున్నాయో!

అయితే బడుల రకాలు ఆరు నుంచి తొమ్మిదయ్యాయి. ఆ తొమ్మిదిలో ఒకటి, రెండు తరగతులకే పరిమితమైన ఫౌండేషనల్ స్కూల్ మళ్లీ ఉంది. పంచాయతీలో మూడు ప్రాథమిక బడులుంటే ఒకదాన్ని మోడల్ స్కూలుగా ఎంచుకుని, మిగతావాటి మూడు, నాలుగు, ఐదు తరగతులను అక్కడికి పంపాలన్న ప్రయత్నం చాలా చోట్ల జరిగింది. మోడల్ స్కూలు వచ్చేది సాధారణంగా పెద్ద ఊళ్లో. తరగతులు పోగొట్టుకునేది కాలనీ బడి, తండా బడి. తల్లిదండ్రుల కమిటీ ఒప్పుకుంటేనే అన్నారు. ఒప్పుకోకపోతే మీ బడికి ఒక్క టీచరే వస్తారు అని ముందే చెప్పాక, ఆ ఒప్పుదలకు ఏం విలువ ఉంటుంది?

చట్టం ఈ విషయంలో తేటతెల్లంగా ఉంది. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలి. పది మంది ఉన్నా ఇద్దరే. 2024-25 యుడైస్ లెక్కల్లో దేశం మొత్తం మీద 1,04,125 ఏకోపాధ్యాయ బడులు తేలాయి. వాటిలో 12,912 ఆంధ్రప్రదేశ్‌వే. దేశంలో మొదటి స్థానం మనదే. మన కంటే ఎంతో పెద్దదైన ఉత్తరప్రదేశ్‌లో 9,508. కొత్త ప్రభుత్వం 2024 జూన్‌లో మెగా డీఎస్సీ కింద ప్రకటించిన మొత్తం 16,347 పోస్టుల్లో ఎస్జీటీలు 6,371. ఏళ్ల తర్వాత ఇంత పెద్ద నియామకం జరగడం గొప్ప ఊరటే. కానీ ఆ 6,371 మందినీ ఒక్కరు కూడా పక్కకు పోకుండా ఏకోపాధ్యాయ బడులకే పంపినా, సగం బడులకు రెండో టీచరు రారు.

మొన్న ఆ కాలనీ బడికి మళ్లీ వెళ్లాను. అక్క ఇప్పుడు ఆరో తరగతి, అదే హైస్కూలు. తమ్ముడు ఇంకా వ్యానులోనే వెళ్తున్నాడు. బడిలో పదకొండు మంది ఉన్నారు, ఒక టీచరు. తల్లిదండ్రుల కమిటీ ఛైర్మన్ తీర్మానం కాగితం చూపించారు. పిల్లల నోటు పుస్తకంలోంచి చించిన కాగితం, నాలుగు వరుసలు. ఐదు తరగతులూ బడిలోనే పెట్టాలని, ఇద్దరు టీచర్లను ఇవ్వాలని, అలా ఇస్తే ప్రైవేటు బడులకు పంపిన పిల్లల్ని తామే వెనక్కి తెచ్చుకుంటామని రాసుకున్నారు. కింద సంతకాలు, ఆరేడు వేలిముద్రలు. ఎంఈవో ఆఫీసులో ఇచ్చి వచ్చారట. ఇచ్చినట్టు రసీదు మాత్రం ఇవ్వలేదన్నారు.