దొంగ గవ్వల లెక్క

చిరంజీవులు చిన్నికి, బాబికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో అష్టాచెమ్మా ఆడుతూ బాబి గవ్వలు విసిరికొట్టి లేచిపోయాడు, గుర్తుందా? "చెమ్మా పడుతూనే ఉంది, అష్టా ఒక్కసారి కూడా పడదు, ఇవి దొంగ గవ్వలు" అని వాడి ఫిర్యాదు. నాలుగు గవ్వలూ వెల్లకిలా, అంటే నోరు పైకి పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా కదా. ఆ పూట పకోడీలు పెట్టి మాట మార్చాను గానీ, వాడి అనుమానంలో పస ఉంది.

గవ్వల బదులు నాలుగు రూపాయి బిళ్లలు వేశామనుకోండి. బిళ్ల బొమ్మ వైపే ఎక్కువగా పడడానికి కారణమేదీ కనిపించదు కాబట్టి బొమ్మ పడే సంభావ్యత, అంటే అవకాశం, 1/2. నాలుగు బిళ్లలు 2×2×2×2, అంటే 16 రకాలుగా పడవచ్చు. అందులో నాలుగూ బొమ్మలయ్యేది ఒక్కటే, నాలుగూ బొరుసులయ్యేదీ ఒక్కటే. రెండు బొమ్మలు, రెండు బొరుసులు మాత్రం 6 రకాలుగా వస్తాయి. నమ్మకపోతే కాగితం మీద రాసి చూసుకోండి. ఇలా బిళ్లను ముట్టుకోకుండా, కూర్చున్నచోటే కట్టే లెక్క సైద్ధాంతిక సంభావ్యత. ఈ లెక్కన చెమ్మాకూ అష్టాకూ ఒకే అవకాశం, 1/16.

కానీ గవ్వ బిళ్ల కాదు. ఒకవైపు ఉబ్బు, మరోవైపు పళ్లున్న నోరు. పడేది రెండు రకాలే కదా అని సగం సగం పంచేస్తే కుదరదు. మా వీధిలో ఒకాయన బస్సు సంగతి అడిగితే "వస్తుంది, లేదా రాదు, సగం సగం" అంటాడు. ఆయన మాట విని నేను రెండుసార్లు పెళ్లి ముహూర్తాలు తప్పాను!

గవ్వ విషయంలో వేసి చూడడమే దారి. ఒకే గవ్వను 100 సార్లు వేసి, వెల్లకిలా ఎన్నిసార్లు పడిందో గీతలు పెట్టండి. 60 సార్లు పడిందనుకుందాం. 60/100 దాని ప్రాయోగిక సంభావ్యత. నాలుగు గవ్వలూ అలాంటివే అయితే, నాలుగూ వెల్లకిలా పడే చెమ్మాకు 0.6ను నాలుగుసార్లు గుణించాలి, సుమారు 0.13 వస్తుంది. నాలుగూ బోర్లా పడే అష్టాకు 0.4ను నాలుగుసార్లు గుణిస్తే 0.026 కూడా రాదు. అయిదు చెమ్మాలకు ఒక అష్టా! ఒక్కో గవ్వలో కాస్త తేడా, ఆటలో ఇంత తేడా.

వంద సార్లు వేస్తే సరిపోతుందా అని చిన్ని అడుగుతుంది, నాకు తెలుసు. దక్షిణాఫ్రికాలో గణితం బోధించిన జాన్ కెరిచ్ డెన్మార్క్ వెళ్లి ఉండగా 1940లో జర్మన్లు ఆ దేశాన్ని ఆక్రమించారు. నిర్బంధ శిబిరంలో పొద్దుపోక ఆయన నాణేన్ని 10,000 సార్లు ఎగరేయించి లెక్క రాశాడు. మొదటి 100లో బొమ్మలు 44. మొత్తం 10,000లో 5,067. తమాషా చూడండి: మొదట సగానికి 6 తక్కువ, చివర 67 ఎక్కువ. తేడా పెరిగింది! అయినా నిష్పత్తి 0.44 నుంచి 0.5067కు, సగానికి దగ్గరగా వచ్చింది. ముందు తగ్గిన బొమ్మలను నాణెం తర్వాత లెక్కచూసి తీర్చదు, దానికి జ్ఞాపకం లేదు. ఆటలు పెరిగేకొద్దీ ఆ తేడాయే మొత్తంలో చిన్నదైపోతుంది. కాబట్టి బాబీ, పదిసార్లు అష్టా పడలేదు గనక పదకొండోసారి పడి తీరాలని గవ్వల మీద అలగకు.

గవ్వల సంచి మీ నాన్నతో పంపిస్తున్నాను. అందులో ఒకదానికి అంచు విరిగింది. దాన్ని విడిగా వేసి, దాని గీతలు వేరే పేజీలో పెట్టండి. మిగతా మూడింటితో కలిపారో, ఏ గవ్వ దొంగో తేలదు.

మీ అమ్మమ్మ