ఒకే సర్వర్, రెండు ఇయర్ ఫైళ్లు: ఈజేబీ రిమోట్ కాల్ చిక్కు ఎక్కడ పడింది?

ఎంటర్‌ప్రైజ్ జావా కోడ్‌లోని పాత జావాఎక్స్ ప్యాకేజీ పేర్లను కొత్త జకార్తా పేర్లకు మార్చే పని మొదలుపెట్టిన టీముల్లో ఒక పాత తగాదా మళ్లీ రాజుకుంది. సర్వర్ ఒకటే, దాని మీద ఇయర్ ఫైళ్లు (ఒక్కో అప్లికేషన్‌ని మొత్తంగా కట్టిన మూటలు) రెండు. బిల్లింగ్ ఒకదాంట్లో, కస్టమర్ వివరాలు ఇంకోదాంట్లో. రెండింట్లోనూ ఉన్నవి బీన్లు, అంటే ఈజేబీ (ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్) పద్ధతిలో రాసిన, సర్వర్ నడిపే కోడ్ ముక్కలు. బిల్లింగ్ బీన్ కస్టమర్ బీన్‌ని రిమోట్ ఇంటర్‌ఫేస్ ద్వారా, అంటే వేరే మెషిన్‌లో ఉన్నా పిలవగలిగే పద్ధతిలో, పిలుస్తుంది. ఏళ్ల తరబడి ఎవరూ కదపని ఆ కాల్‌ని ఇప్పుడు ఏం చేయాలి? రెండు ఇయర్లూ కలిపేద్దామని ఒక వర్గం అంటోంది. ఈజేబీని వదిలేసి రెస్ట్‌కి, అంటే హెచ్‌టీటీపీ మీద నడిచే కాల్స్‌కి, వెళ్దామని రెండో వర్గం వాదన. ఇంటర్‌ఫేస్ క్లాసులున్న జార్ ఫైల్‌ని సరిగ్గా విడదీసుకుంటే చాలని మూడో వర్గం అంటోంది.

ఈజేబీ పుట్టుక, తొలి వెర్షన్ల బరువు గురించి చాలామందికి తెలుసు కాబట్టి నేరుగా 2001కి వద్దాం. ఆ ఏడాది ఈజేబీ 2.0 లోకల్ ఇంటర్‌ఫేస్‌ని తెచ్చింది. అంతకుముందు పక్కనున్న బీన్‌ని పిలవాలన్నా రిమోట్ పద్ధతే గతి. 2.0తో రెండు దారులు వేరయ్యాయి. లోకల్ కాల్‌లో ఆబ్జెక్ట్ రెఫరెన్స్ వెళ్తుంది, రిమోట్ కాల్‌లో కాపీ వెళ్తుంది. అయితే లోకల్ దారికి హామీ ఒకే అప్లికేషన్ లోపలే ఉంది. వేరే ఇయర్‌లోంచి లోకల్ ఇంటర్‌ఫేస్‌ని పిలవనివ్వాలా లేదా అన్నది సర్వర్ తయారీదారుల ఇష్టానికి వదిలేస్తున్నామని తర్వాత 3.1 స్పెసిఫికేషన్ స్పష్టంగానే రాసింది. అంటే ఇయర్ గడప దాటే కాల్‌కి ఏ సర్వర్ మీదైనా చెల్లే దారి రిమోట్ ఒక్కటే.

ఆ దారిలో సర్వర్లు అడ్డదారి తొక్కాయి. ఎలాగూ ఒకే జేవీఎం (జావా కోడ్ నడిచే ప్రాసెస్) కదా, ఆబ్జెక్ట్‌ని బైట్లుగా మార్చి (సీరియలైజ్ చేసి) మళ్లీ విప్పడం దేనికని కాపీ మెట్టు ఎత్తేశాయి. వెబ్‌లాజిక్ సర్వర్‌లో ఒకే ఇయర్ లోపలి కాల్స్‌కి పాస్ బై రెఫరెన్స్ (కాపీ లేకుండా రెఫరెన్సే పంపడం) డిఫాల్ట్‌గా ఉండేది. 8.1 వెర్షన్‌లో దాన్ని ఆపేసి స్పెసిఫికేషన్ మాటకు తిరిగొచ్చారు. జేబాస్ అనే ఇంకో సర్వర్ 3, 4 వెర్షన్లు ఇంకా ముందుకెళ్లి, అన్ని అప్లికేషన్ల క్లాసులనూ ఒకే ఉమ్మడి క్లాస్‌లోడర్ (క్లాసులను మెమరీలోకి తెచ్చే భాగం) గంపలో వేశాయి. ఇంటర్‌ఫేస్ జార్ రెండు ఇయర్లలోనూ ఉన్నా జేవీఎం దృష్టికి వచ్చే క్లాస్ ఒక్కటే. కాల్ వేగంగా నడిచింది. రిమోట్ అని రాసిన కోడ్ లోకల్‌లా ప్రవర్తించడం అందరికీ అలవాటైపోయింది.

ఆ అలవాటుకి మూల్యం ఉంది. బిల్లింగ్ ఒక లిస్ట్‌ని కస్టమర్ బీన్‌కి పంపి, కాల్ ముగిశాక ఆ లిస్ట్‌నే ఖాళీ చేసి మళ్లీ వాడుకుంటుందనుకోండి. కస్టమర్ బీన్ దాన్ని కాష్‌లో పెట్టుకుని ఉంటే ఆ కాష్ కూడా ఖాళీ అవుతుంది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా కనబడదు. కాపీ వెళ్లి ఉంటే ఈ తప్పు జరిగేదే కాదు.

ఈ చరిత్ర చెప్పేటప్పుడు చాలామంది 2009ని మలుపుగా చూపిస్తారు. ఈజేబీ 3.1 జావా గ్లోబల్ పేర్లను తెచ్చిన ఏడాది అది. అప్లికేషన్ పేరు, మాడ్యూల్ పేరు, బీన్ పేరు వరుసగా రాస్తే ఏ సర్వర్ మీదైనా లుకప్ (పేరుతో బీన్‌ని వెతకడం) పనిచేయాలన్న నియమం అప్పుడే వచ్చింది. మంచి పనే, కాదనను. కానీ అది అడ్రస్ సమస్యని మాత్రమే తీర్చింది.

అసలు మలుపు 2011 జులైలో విడుదలైన జేబాస్ ఏఎస్ 7. ఉమ్మడి గంప పోయి జేబాస్ మాడ్యూల్స్ వచ్చింది. సర్వర్ మీద పెట్టిన ప్రతి అప్లికేషన్ (డిప్లాయ్‌మెంట్) దానికదే ఒక మాడ్యూల్. అడిగి తెచ్చుకుంటే తప్ప పక్క ఇయర్ క్లాస్ కనబడదు. పాత అప్లికేషన్లను దాని మీదికి తెచ్చినవాళ్లకు ఎదురైంది క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్. కస్టమర్‌సర్వీస్‌ని కస్టమర్‌సర్వీస్‌గా మార్చలేమన్నట్టు ఉంటుంది ఆ మెసేజ్. రెండువైపులా అదే ప్యాకేజీ, అవే అక్షరాలు. జార్ కూడా ఒకే బిల్డ్‌ది. కానీ జేవీఎంకి క్లాస్ అంటే పేరు ఒక్కటే సరిపోదు, దాన్ని లోడ్ చేసిన లోడర్ కూడా లెక్కే. బీన్ వైపు లోడర్‌తో తయారైన ప్రాక్సీ (బీన్‌కి బదులు పిలిచేవాళ్ల చేతికొచ్చే ఆబ్జెక్ట్), పిలిచే వైపు లోడర్‌లోని ఇంటర్‌ఫేస్‌కి చెల్లదు.

సర్వర్ మా కోడ్‌ని విరగ్గొట్టిందని అప్పట్లో చాలామంది అన్నారు. నా లెక్కలో కోడ్ అంతకుముందే విరిగి ఉంది, ఉమ్మడి లోడర్ దాన్ని కప్పిపెట్టింది. ఇవాళ్టి వర్గాలన్నీ అప్పుడు ఎంచుకున్న మందుల్లోంచే పుట్టాయి.

డిప్లాయ్‌మెంట్ స్ట్రక్చర్ ఫైల్‌లో పక్క ఇయర్‌ని డిపెండెన్సీగా రాసేయడం అన్నిటికంటే సులువైన మందు. ఒక్క లైన్‌తో ఎర్రర్ పోతుంది. దాంతోపాటు రెండు అప్లికేషన్లకూ ముడి పడుతుంది. కస్టమర్ ఇయర్‌ని మళ్లీ డిప్లాయ్ చేయాలంటే బిల్లింగ్ సంగతి కూడా చూసుకోవాలి.

రెండో మందు శ్రమతో కూడినది. ఇంటర్‌ఫేస్, దాని డేటా క్లాసులు మాత్రమే ఉన్న చిన్న జార్ తీసి, రెండు ఇయర్లలోనూ చెరో కాపీ పెట్టాలి. పిలిచే వైపు క్లాస్‌తోనే ప్రాక్సీ తయారయ్యే ఈజేబీ లుకప్ వాడాలి. ఆర్గ్యుమెంట్లు కాపీగానే వెళ్లాలి. ఇలా చేసినవాళ్లకు కొన్ని నిజాలు తొందరగా తెలిశాయి. డేటాబేస్ లైబ్రరీ హైబర్నేట్ తెచ్చిచ్చే ఆబ్జెక్ట్‌ని (ఎంటిటీని) నేరుగా పంపితే దాని లిస్ట్ లోపల దాగున్న హైబర్నేట్ క్లాస్ అవతల దొరకదు. సీరియల్‌వెర్షన్‌యూఐడీ (క్లాస్ వెర్షన్ నంబర్) రాయని క్లాస్‌కి ఒక ఫీల్డ్ కలిపి ఒకవైపే డిప్లాయ్ చేస్తే ఇన్‌వాలిడ్‌క్లాస్‌ఎక్సెప్షన్ వస్తుంది. ఒక్కోటీ సరిచేస్తూ పోతే, రెండు టీముల మధ్య ఒప్పందం ఆ జార్‌లో కళ్లకు కనబడేలా మిగిలింది.

ఇక ఇవాళ్టి సంగతి. 2018లో జావా 11 నుంచి కోర్బా (వేర్వేరు సిస్టమ్‌ల మధ్య రిమోట్ కాల్స్‌కి పాత ప్రమాణం) వెళ్లిపోయింది. 2020లో జకార్తా ఈఈ 9 (ఎంటర్‌ప్రైజ్ జావాకి కొత్త పేరు జకార్తా ఈఈ) ప్యాకేజీ పేర్లు మార్చింది. దాంతో వచ్చిన ఎంటర్‌ప్రైజ్ బీన్స్ 4.0 (ఈజేబీకి కొత్త పేరు), వేర్వేరు కంపెనీల సర్వర్ల మధ్య కాల్స్ కోసం ఉన్న పాత నిబంధనలను తీసేసింది. 2022లో వచ్చిన వైల్డ్‌ఫ్లై 27 (జేబాస్ ఏఎస్‌కి కొత్త పేరు వైల్డ్‌ఫ్లై) జకార్తా పేర్లకే కట్టుబడింది. కాబట్టి ఒక ఇయర్ మారి ఇంకోటి మారకపోతే రెండింటినీ మామూలుగా ఒకే సర్వర్ మీద ఉంచడం కుదరదు. నిన్నటిదాకా జేవీఎం లోపల తిరిగిన కాల్ ఇప్పుడు నెట్‌వర్క్ ఎక్కాలి. క్లాసులు పంచుకున్నవాళ్లు అక్కడే ఆగిపోతున్నారు. చెరో కాపీ పెట్టుకున్నవాళ్లకు కనెక్షన్ సెట్టింగ్ మార్చుకోవడం, ఇంటర్‌ఫేస్ జార్‌లో పాత జావాఎక్స్ టైపులు లేకుండా చూసుకోవడం, అవతలి నుంచి వచ్చే ఈజేబీఎక్సెప్షన్ ఏ ప్యాకేజీదో గమనించుకోవడం మిగిలాయి.

ఇయర్లు కలిపేద్దామనేవాళ్లు రెండు టీములనూ ఒకే రోజు మారమంటున్నారు. రెస్ట్ వర్గం మాటలో బలం ఉంది, ప్యాకేజీ పేర్ల బెడద దానికి లేదు. కానీ ఒకే సర్వర్ లోపలి రిమోట్ కాల్‌తో పాటు వెళ్లే జేటీఏ (జావా ట్రాన్సాక్షన్ ఏపీఐ) ట్రాన్సాక్షన్ హెచ్‌టీటీపీతో దానంతటది వెళ్లదు. బిల్ రాసి, కస్టమర్ బ్యాలెన్స్ మార్చి, మధ్యలో తప్పొస్తే రెండూ వెనక్కి తీయడం ఇకపై మన కోడ్ బాధ్యతే. ఆ పని అంచనాలో ఉందా అని అడగాలి.

ఏ వర్గం వైపు మొగ్గినా ముందు ఒక సెట్టింగ్ చూడాలి. వైల్డ్‌ఫ్లై ఈజేబీ సబ్‌సిస్టమ్‌లో, ఒకే జేవీఎం లోపలి రిమోట్ కాల్స్‌కి పాస్ బై వాల్యూ (కాపీ పంపడం) డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. వేగం కోసం ఎవరో ఎప్పుడో దాన్ని ఆపి ఉంటే, టెస్ట్ సర్వర్‌లో ముందు దాన్ని ఆన్ చేసి చూడండి. అప్పుడు విరిగేవన్నీ రేపు నెట్‌వర్క్ మీదా విరిగేవే. మైగ్రేషన్ తేదీ ఖరారు చేసేది ఆ జాబితా చేతికొచ్చాకే.