హీటర్ పెడితే చల్లగాలి ఎందుకొచ్చింది

చిన్నూకీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ద్వారకా తిరుమల వెళ్తుంటే భీమడోలు దాటాక కారు వేడి చూపించే ముల్లు ఎర్రగీత ఎక్కింది కదా, మీ నాన్న ఏసీ కట్టేసి హీటర్ ఫుల్‌గా పెడితే మీ అమ్మ ఈ ఎండలో హీటరేంటండీ అని కేకలేసింది, ఆ గోలలో చిన్నూ గాలి వచ్చే చోట చెయ్యి పెట్టి "తాతయ్యా, హీటర్‌లోంచి చల్లగాలి వస్తోందేంటి?" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా. ఇంటికొచ్చాక రాత్రి మంచమ్మీద పడుకుని ఆలోచిస్తే అర్థమైంది, ఆ రోజు కారులో ఉన్న నలుగురు పెద్దాళ్ళ కంటే వీడొక్కడే సరైన ప్రశ్న అడిగాడని. అందుకే ఈ ఉత్తరం.

బుజ్జి అడిగింది కూడా మర్చిపోలేదు. వారం కిందటే కొత్త రేడియేటర్ వేయించాంగా, మళ్ళీ ఎందుకు వేడెక్కింది అని. రెండిటికీ జవాబు ఒకటే.

లోపల పెట్రోలు మండుతుంది, అందులో బండిని లాగడానికి పనికొచ్చేది మూడో వంతు కూడా ఉండదు, మిగతాదంతా వేడే. కొంత పొగతో పోతుంది, కొంత ఇంజన్ చుట్టూ తిరిగే కూలెంట్ నీళ్ళు మోసుకుపోతాయి. దీన్ని మన ఊరి కాలవ అనుకోండి. నీళ్ళని తోసే చిన్న పంపు ఉంటుంది, రేడియేటరేమో మళ్ళు, అక్కడ నీళ్ళు సన్నగా పరుచుకుని గాలికి చల్లారతాయి. మధ్యలో థర్మోస్టాట్ అని ఒకడుంటాడు, వాడు తూము దగ్గర లస్కరు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ తలుపు ఎత్తడు, 82 నుంచి 88 డిగ్రీల దగ్గర ఎత్తుతాడు. వాడి పొట్టలో ఉండేది మైనం! వేడికి కరిగి ఉబ్బి తలుపు తోస్తుంది, చల్లారితే ముడుచుకుని మూసేస్తుంది, కరెంటు లేదు కంప్యూటర్ లేదు. ఇక హీటర్ అంటే పెరట్లోకి తీసిన చిన్న బోదె. పెద్ద కాలవలోని వేడినీళ్ళే కొన్ని దాన్లోకి వస్తాయి, వాటి మీదుగా గాలి ఊదితే మనకి వెచ్చగా తగులుతుంది, ఆ మేరకి ఇంజన్ వేడి తగ్గుతుంది, మీ నాన్న ఎండలో హీటర్ పెట్టింది అందుకే. కాలవ నీళ్ళు సముద్రంలో కలిసిపోతాయి, కారులోవి మాత్రం తిరిగి ఇంజన్‌కే వస్తాయి కాబట్టి నా పోలిక ఇక్కడ దెబ్బతింది, అయినా నేను వదలను.

ఇప్పుడు చెప్పండి, కాలవ సలసలా కాగుతుంటే పెరటి బోదె చల్లగా ఎందుకుంటుంది? బోదెలోకి నీళ్ళే రాలేదు కాబట్టి. మరి అక్కడ ఉన్నదేంటి? గాలి!

నా చిన్నప్పుడు మా పొలం కాలవ చివర శివారులో ఉండేది, అక్కడిదాకా నీళ్ళు ఎక్కేవి కాదు, నారుమళ్ళు ఎండిపోతుంటే డ్రైన్‌లోంచి ఆయిల్ ఇంజన్ పెట్టి తోడేవాళ్ళం. ఒక్కోసారి ఇంజన్ డుగుడుగుమని ఆడుతూనే ఉంటుంది గానీ గొట్టంలోంచి చుక్క రాదు. మా నాన్న వినగానే "గాలి పట్టిందిరా" అనేవాడు. అంతే, నేను బక్కెట్టుతో నీళ్ళు మోసి పంపు మూతి నిండా పొయ్యాలి, మా అన్న గొట్టం అతుకుల మీద పేడ మెత్తాలి, సన్న సందు ఉన్నా గాలి పీల్చేస్తుంది మరి. ఆ పంపు నీళ్ళని విసరగలదు గానీ గాలి ఉంటే ఊరికే తిరుగుతుంది. కాసేపటికి గుడగుడమని శబ్దం, తర్వాత నురగ, ఆ వెనక ఎర్రనీళ్ళు దబ్బున పడేవి, నేను ఆ గొట్టం కింద తల పెట్టి తిట్లు తినేవాణ్ణి.

కారుకీ అదే జబ్బు. రేడియేటర్ మార్చేటప్పుడు పాత నీళ్ళు నాలుగు లీటర్ల దాకా బయటికొచ్చాయి, నేను పక్కనే స్టూలేసుకుని చూశాను. కొత్త కూలెంట్ మూడు లీటర్లు పొయ్యగానే మూతి దాకా వచ్చేసింది, మెకానిక్ కుర్రాడికి పని తొందర, మూత బిగించేశాడు. మిగతా లీటరు జాగా ఏమైందని నేనైనా అడగాల్సింది. పెద్దవాణ్ణయ్యుండి ఊరుకున్నాను, తప్పు నాదీ ఉంది. ఖాళీ అంటే ఏమీ లేకపోవడం కాదర్రా, గాలి కూర్చుందని. అది పోయి పోయి ఎత్తులో ఇరుక్కుంటుంది, ఇంజన్ తలలోనో హీటర్‌లోనో. ఒక్కోసారి ముల్లుకి కబురు చెప్పే సెన్సర్ కూడా గాలిలో తేలితే ఇంజన్ కాలిపోతున్నా ముల్లు కిందే ఉంటుంది, మనకి ఆ మాయ జరగలేదు, అదృష్టం.

మర్నాడు పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండగా నేనూ మీ నాన్నా కూర్చున్నాం. ముందు ఫ్యాన్ ప్లగ్ చూశాం, రేడియేటర్ మార్చినప్పుడు అది పెట్టడం మర్చిపోతుంటారు, అలాంటప్పుడు రోడ్డు మీద పరిగెడితే బాగానే ఉండి గేటు దగ్గర ఆగితే వేడెక్కుతుంది. ప్లగ్ బాగానే ఉంది. బండి ముందు చక్రాలు వాకిట్లో ర్యాంపు మీదకి ఎక్కించి రేడియేటర్ మూతి అన్నిటికంటే ఎత్తు చేశాం, మూత తీసి హీటర్ ఫుల్‌గా పెట్టి స్టార్ట్ చేశాం. మీ నాన్న పైగొట్టాన్ని మెల్లిగా పిసుకుతుంటే నేను గరాటుతో కూలెంట్ పోస్తూ కూర్చున్నా. పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత లస్కరు తలుపెత్తాడు కాబోలు, బుడుంగుమని ఒక పెద్ద బుడగ, నీళ్ళు జానెడు కిందికి దిగిపోయాయి. మళ్ళీ పోశాం, మళ్ళీ బుడగ. ముప్పావు లీటరు పైనే పట్టింది. చివరికి హీటర్‌లోంచి వేడిగాలి మొహానికి కొట్టింది, మే నెలలో అంత సంతోషంగా వేడిగాలి పీల్చినవాళ్ళు మేమే అయ్యుంటాం.

బుడగలు ఎంతకీ ఆగకపోతేనో, తెల్లపొగ వస్తేనో అది వేరే కథ, హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ తల కింద కారకుండా ఉండే సీలు, పోయిందేమోనని అనుమానం, షెడ్డుకే పోవాలి. మనవి ఆగిపోయాయి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. ఇంజన్ వేడిగా ఉండగా ఆ మూత ముట్టుకోకూడదు, గుడ్డ పట్టుకుని కూడా వద్దు. లోపల ఒత్తిడి మీద నీళ్ళు వంద డిగ్రీలు దాటినా మరక్కుండా ఊరుకుంటాయి, మూత వదులవగానే ఒక్కసారిగా ఆవిరై లేస్తాయి. నా మోచేతి మీద మచ్చ ఏంటని బుజ్జి ఎప్పుడూ అడుగుతుందే, అది ట్రాక్టర్ రేడియేటర్ ఇచ్చింది, పద్నాలుగేళ్ళప్పుడు.

ఇంకా సన్నబుడగలు ఏమైనా ఉంటే ఈ వారంలో అవే బయటికొస్తాయి. బానెట్ కింద కూలెంట్ ఉండే తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, దాని మీద రెండు గీతలుంటాయి. రోజూ పొద్దున బండి తియ్యకముందు నాన్నతో బానెట్ ఎత్తించి నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో చూసి క్యాలెండర్‌లో తేదీ పక్కన రాయండి. మూత తియ్యక్కర్లేదు, బయట్నుంచే కనిపిస్తుంది. ఆదివారం ఫోన్ చేసినప్పుడు చదివి వినిపించాలి, చిన్నూ మూడు రోజులు, బుజ్జి మూడు రోజులు, కొట్టుకోకుండా.

మీ తాతయ్య