గండం గాలిలో లేదు: చంటిబిడ్డతో విమానం ఎక్కేవారి అపోహలు, వాస్తవాలు

సంక్రాంతి దాటిన వారం, సిరిమాను పండుగ అయిన మర్నాడు, వేసవి సెలవులు ముగిసే రోజులు. ఏటా ఈ మూడు సమయాల్లో విజయనగరంలోని మా పిల్లల క్లినిక్‌లో ఒకే దృశ్యం కనిపిస్తుంది. పురిటికి పుట్టింటికి వచ్చిన అమ్మాయి ఒడిలో బిడ్డ, పక్కన అమ్మమ్మ, వెనకాల టికెట్లు పట్టుకున్న తాతగారు. ప్రయాణం బెంగళూరుకు కావచ్చు, దుబాయ్‌కి కావచ్చు, అమెరికాకు కావచ్చు. అడిగేది మాత్రం అమ్మమ్మే: "డాక్టరమ్మా, విమానంలో ఏడవకుండా ఏదైనా నిద్రమందు రాసివ్వండి."

ఇన్నేళ్ల వైద్యంలో విమానం ఎక్కి జబ్బుపడిన పిల్లలను నేను చూసింది తక్కువ. ఎక్కిస్తున్నామన్న భయంతో పెద్దలు ముందురోజు నుంచే మొదలుపెట్టే పనుల వల్ల ఇబ్బంది పడిన పిల్లలు చాలామంది కనిపించారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: జలుబు సిరప్ ఒక మూత పోస్తే బిడ్డ దారంతా హాయిగా నిద్రపోతుంది.

ముందుగా ఈ మాటనే తీసుకుంటాను, ఎందుకంటే మిగతా అపోహల్లో చాలావరకు అసౌకర్యంతో పోతాయి, ఇది ప్రాణం మీదకు తెస్తుంది. జలుబు సిరప్‌లలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, వాంతులకు, అలర్జీకి వాడే ప్రొమెథజీన్ నిద్ర తెప్పించే మాట నిజమే. అది ఆ మందుల దుష్ఫలితం మాత్రమే, వాటిని తయారు చేసింది నిద్ర కోసం కాదు. ప్రొమెథజీన్ రెండేళ్లలోపు పిల్లల్లో ఊపిరిని మందగింపజేసి ప్రాణం తీయగలదు, అందుకే ఆ వయసువారికి అది ఇవ్వనే కూడదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసా మీదే ముద్రించాలని మన దేశ ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో ఆదేశించారు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఇవ్వవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో మరోసారి చెప్పింది.

పైగా విమానంలో ఆక్సిజన్ నేల మీద ఉన్నంత ఉండదు. ఆ గాలిలో ఊపిరిని మందగింపజేసే మందు తాగి, మెడ వాల్చి నిద్రపోయే బిడ్డను చూసి అందరూ "ఎంత బుద్ధిమంతుడో" అనుకుంటారు. ఊపిరి సరిగా ఆడుతోందా లేదా అన్నది ఎవరూ చూడరు. ఇంకో చిక్కు ఏమిటంటే, కొందరు పిల్లలకు ఈ మందు ఎదురు తిరుగుతుంది. మా దగ్గరకు వచ్చే ఒక కుటుంబం నాకు చెప్పకుండానే రెండేళ్ల బాబుకు ఇలాంటి సిరప్ పోసి హైదరాబాద్ బయలుదేరింది. నిద్ర మాట అటుంచి, దిగేదాకా బాబు సీటు మీద గెంతుతూనే ఉన్నాడట. వాళ్ల అదృష్టం కొద్దీ అంతటితో పోయింది.

కొన్ని ఇళ్లలో వస అరగదీసి నాకించే అలవాటు ఇంకా ఉంది. ప్రయాణం రోజైనా, మరే రోజైనా అది వద్దు. చెట్టు నుంచి వచ్చింది కదా అని మందు కాకుండా పోదు.

అపోహ: చెవుల్లో దూది పెడితే చెవిపోటు రాదు.

చెవిపోటు గాలి దూరడం వల్ల వచ్చేదైతే దూది ఆపేదే. అనంతగిరి ఘాట్ రోడ్డు మీద అరకు వెళ్లి వచ్చినవారికి చెవులు మూసుకుపోవడం, గుటక వేయగానే "టక్" మని తెరుచుకోవడం అనుభవమే. అరకు సుమారు మూడు వేల అడుగుల ఎత్తు. విమానం ముప్పై వేల అడుగుల పైన ఎగిరినా, లోపలి గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఎంత ఉంటుందో అంత ఉంచుతారు. అంటే అరకు ఎత్తుకు రెండింతలకు పైగా, అదీ అరగంటలో ఎక్కి దిగడం.

పైన ఉన్నప్పుడు ఖాళీ నీళ్ల సీసాకు గట్టిగా మూత బిగించి ఉంచండి. దిగేసరికి అది నొక్కుకుపోయి ఉంటుంది. కర్ణభేరి వెనకాల ఉన్న చిన్న గదికి జరిగేదీ ఇదే. ఆ గదిని గొంతు వెనక భాగంతో కలిపే సన్నని దారి ఉంది, దాన్ని యూస్టేషియన్ నాళం అంటారు. విమానం పైకి వెళ్లేటప్పుడు లోపలి గాలి ఆ దారిన తనంత తానే బయటికి వచ్చేస్తుంది. కిందికి దిగేటప్పుడు మాత్రం గాలి లోపలికి వెళ్లాలి, ఆ దారేమో అతుక్కుపోతుంది. గుటక వేసినప్పుడో, ఆవలించినప్పుడో, ఏడ్చినప్పుడో తెరుచుకుంటుంది. పసిపిల్లల్లో ఆ నాళం పొట్టిగా, సన్నగా ఉండటం వల్ల ఇంకాస్త కష్టం. చెవి బయట పెట్టిన దూదికి ఈ గొడవతో సంబంధమే లేదు. వెచ్చని నూనె చుక్కలకూ లేదు.

కాబట్టి మందు గుటకలోనే ఉంది. తల్లిపాలు, పాలసీసా, కాస్త పెద్ద పిల్లలకు గ్లాసులో నీళ్లు, ఏదైనా సరే. ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. విమానం కదలగానే కంగారుగా పాలు పట్టేస్తారు. బిడ్డ కడుపు నిండా తాగి నిద్రపోతుంది, అసలు అవసరమైన దిగే సమయానికి నోరు తెరవదు. ఆ తప్పు నేనూ చేశాను. మా అబ్బాయికి పది నెలలప్పుడు ఢిల్లీ నుంచి వస్తూ, దారంతా నిద్రపోయాడని మురిసిపోయి లేపలేదు. విశాఖ సముద్రం కిటికీలో కనిపించే వేళకు లేచాడు. ఆ తర్వాత సామాను వచ్చేదాకా వాడి ఏడుపు విమానాశ్రయమంతా వింది, పిల్లల డాక్టరునని ఎవరికీ చెప్పుకోలేదు.

దిగడం నేల తాకడానికి సుమారు అరగంట ముందే మొదలవుతుంది. ఇంజన్ల శబ్దం తగ్గుతుంది, విమానం ముక్కు కొద్దిగా కిందికి వంగినట్టు తెలుస్తుంది. అప్పుడు బిడ్డను లేపి, తల కాస్త ఎత్తి పట్టుకుని పాలు ఇవ్వండి. ఎగిరేటప్పుడు కొంచెం, దిగేటప్పుడు ఎక్కువ. ఏడిస్తే కూడా మేలే, ఏడుపుతో ఆ దారి తెరుచుకుంటుంది. పక్కవాళ్లు చిరాకుగా చూస్తే చూడనివ్వండి.

పాలపీకకు తేనె రాసి నోట్లో పెడతామంటారు కొందరు. ఏడాది నిండని బిడ్డకు తేనె ఏ రూపంలోనూ వద్దు. అందులో ఉండగల, బోట్యులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి బీజాలు ఆ వయసు పేగుల్లో మొలకెత్తి నరాలను దెబ్బతీస్తాయి.

"జలుబు ఉంటే టికెట్ రద్దు చేసుకోవాలా?" అనీ అడుగుతారు. మామూలు ముక్కు కారడమైతే అక్కర్లేదు. బయలుదేరే ముందు, దిగడానికి ముందు ఉప్పునీటి ముక్కు చుక్కలు వేసి, ముక్కు తుడిస్తే చాలు. చెవిపోటుతో జ్వరం ఉంటే మాత్రం చూపించుకుని బయలుదేరండి.

అపోహ: ఏడాది నిండనిదే విమానం ఎక్కించకూడదు.

నెలలు నిండి పుట్టిన, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ పుట్టిన 48 గంటల తర్వాత ఎక్కవచ్చు, ఏడు రోజులు ఆగడం మేలు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఎన్ని రోజుల బిడ్డను ఎక్కనిస్తారన్నది విమాన సంస్థను బట్టి మారుతుంది. నన్నడిగితే తొందరేమీ లేనప్పుడు మన పాత పద్ధతే బాగుంది. ఐదో నెలలో బిడ్డను అత్తారింటికి పంపుతారు కదా, అప్పటికి ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు మూడూ అయిపోతాయి. మన పెద్దలు టీకాల పట్టిక చూసి ముహూర్తం పెట్టలేదు గానీ, లెక్క సరిపోయింది.

విదేశాలకు వెళ్లేవారు తట్టు టీకా సంగతి తప్పక అడగండి. మన పట్టికలో అది తొమ్మిది నెలలు నిండాక ఉంటుంది. ఆరు నెలలు దాటిన బిడ్డ విదేశానికి వెళ్తుంటే ఒక డోసు ముందుగా వేయించవచ్చు, దాన్ని అసలు లెక్కలో కలపకూడదు.

నిజంగా ఆగి అడగాల్సినవారు వేరే ఉన్నారు. నెలలు తక్కువగా పుట్టి ఆక్సిజన్ మీద ఉండి వచ్చిన పిల్లలు, గుండెలో లోపం ఉన్నవారు, రక్తం బాగా తక్కువగా ఉన్నవారు. పార్వతీపురం, సీతంపేట ఏజెన్సీ నుంచి మా దగ్గరకు వచ్చే సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) పిల్లలూ అంతే. వీరి విషయంలో తగ్గిన ఆక్సిజన్ చిన్న విషయం కాదు. టికెట్ తీసుకున్నాక కాకుండా తీసుకోకముందే రండి.

అపోహ: రెండేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు.

సీటు అక్కర్లేదు, టికెట్ కావాలి. బుకింగ్‌లో బిడ్డ పేరు ఉండాలి, కొంత రుసుము కట్టాలి, వయసు రుజువుగా జనన ధ్రువపత్రం చూపాలి. వెళ్లేటప్పుడు ఇరవై మూడు నెలలుండి, తిరిగి వచ్చేలోగా రెండేళ్లు నిండితే ఆ తిరుగు ప్రయాణానికి సీటు కొనాలి. ఒక పెద్దవారి ఒడిలో ఒక్క బిడ్డే. కవలలతో ఇద్దరు పెద్దలు వెళ్లినా ఒకే వైపు పక్కపక్కన కూర్చోనివ్వకపోవచ్చు, ఎందుకంటే ఆక్సిజన్ మాస్కులు వరుసకు ఒకటే అదనంగా ఉంటాయి. విదేశానికైతే నెలబిడ్డకైనా సొంత పాస్‌పోర్టు ఉండాల్సిందే. బారసాల అయ్యాక కూడా జనన ధ్రువపత్రంలో పేరు ఎక్కించని ఇళ్లు బోలెడు. ఏడాదిలోపు ఆ పని రుసుము లేకుండా అవుతుంది.

అపోహ: విమానం ఏసీ గాలికి జలుబు, జ్వరం ఖాయం.

పెద్ద జెట్ విమానాల్లో తిరిగి వాడే గాలి చాలా సన్నని కణాలను పట్టే వడపోత గుండా వస్తుంది. గంటకు ఇరవై ముప్పై సార్లు లోపలి గాలి మారుతుంది. జలుబు అంటేది ముందు వరుసలో దగ్గుతున్న మనిషి నుంచి, లేదా ఎవరెవరో తాకిన బల్ల మీద చేతులు రాసి నోట్లో పెట్టుకోవడం వల్ల. ఆ బల్లను ఒకసారి తుడిస్తే ఉన్ని టోపీ కన్నా ఎక్కువ మేలు. మే నెల ఉక్కపోతలో ఊలు టోపీ, మేజోళ్లు, రెండు దుప్పట్లు చుట్టి తెచ్చిన బిడ్డకు ఒళ్లు వేడెక్కితే జ్వరమని కంగారుపడి వచ్చేవారున్నారు. పలచని బట్టలు రెండు పొరలుగా వేసి, ఒక దుప్పటి చేతిలో పెట్టుకోండి.

గాలి పొడిగా ఉంటుందన్నది మాత్రం నిజం. అయినా ఆరు నెలలలోపు బిడ్డకు నీళ్లు పట్టక్కర్లేదు, పాలే ఇంకో రెండుసార్లు ఇవ్వండి.

అపోహ: తనిఖీలో పాలు, జావ పారబోయిస్తారు. ఎక్స్‌రే తగిలితే పాడవుతాయి.

ప్రయాణానికి సరిపడా బిడ్డ పాలు, ఆహారం, మందులను అనుమతిస్తారు. విదేశీ ప్రయాణాల్లో ఉండే 100 మిల్లీలీటర్ల నిబంధన నుంచి వీటికి మినహాయింపు ఉంటుంది, బయటికి తీసి చూపించాలి. ఎక్స్‌రే తగిలినా పాలు పాడవవు, వాటిలో ఆ కిరణాలేమీ మిగలవు. చోడి (రాగి) జావ కాచి ఫ్లాస్కులో తెచ్చుకోవడం కన్నా, వేయించిన చోడి పిండి పొట్లం పట్టుకెళ్లి అక్కడ వేడినీళ్లు అడిగి కలుపుకోవడం సుఖం. వాంతి అవుతుందని పొద్దుటి నుంచి పస్తు ఉంచకండి. ఆకలిగా ఉన్న బిడ్డ ఏడుపును ఏ బొమ్మా ఆపలేదు.

ఇక పలాస జీడిపప్పు. అల్లుడి కోసం కట్టిన పొట్లంలోంచి దారిలో రెండు పలుకులు తీసి పిల్లవాడి చేతిలో పెడతారు. నాలుగైదేళ్లలోపు పిల్లలకు గట్టి పప్పులు గొంతులోంచి ఊపిరి గొట్టంలోకి జారే ప్రమాదం ఎక్కువ. నేల మీద అలా జరిగితేనే ఆసుపత్రికి పరుగెత్తాలి, గాలిలో ఎక్కడికి పరుగెత్తుతారు? పొడి చేసి జావలో కలపండి.

మందుల సంచి గురించి ఒక్క మాట. జ్వరానికి పారాసెటమాల్ డ్రాప్స్, సిరప్ ఒకటి కావు. డ్రాప్స్‌లో సాధారణంగా మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటాయి. సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 120 గానీ 250 గానీ ఉంటాయి. ఎనిమిది కిలోల బిడ్డకు ఒక మోతాదు సుమారు 120 మిల్లీగ్రాములు. అంటే డ్రాప్స్‌లో 1.2 మిల్లీలీటర్లు, మొదటి రకం సిరప్‌లో 5. సిరప్ అలవాటున్న తండ్రి చీకట్లో డ్రాప్స్ సీసా తీసి చెంచాడు పోస్తే నాలుగింతలు పోసినట్టు. సీసా మీద బిడ్డ మోతాదు రాసి అంటించండి. మూడు నెలలలోపు బిడ్డకు జ్వరమొస్తే మందు పోయడం కాదు, డాక్టరుకు చూపించాలి.

చివరి అపోహను ఎవరూ నోటితో చెప్పరు, చేసి చూపిస్తారు: విమానమే ప్రమాదం, కారు ప్రయాణం ఎప్పుడూ ఉండేదే.

విజయనగరం నుంచి విశాఖ విమానాశ్రయానికి అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వందకు పైగా, ఇచ్ఛాపురం నుంచి రెండు వందలు దాటుతుంది. భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి ఎగిరినా ముందు రోడ్డు ఎక్కక తప్పదు. మొత్తం ప్రయాణంలో బిడ్డకు అన్నిటికన్నా పెద్ద ముప్పు ఈ ముక్కలోనే ఉంది. చాలా విమానాల్లో ఒడిలోని బిడ్డకు కూడా చిన్న బెల్టు ఇస్తారు. జాతీయ రహదారి మీద ముందు సీట్లో తాతగారి ఒళ్లో నిలబడి అద్దంలోంచి లారీలు చూసే బిడ్డకు ఏ బెల్టూ ఉండదు. యాభై కిలోమీటర్ల వేగంలో కారు ఠక్కున ఆగితే పది కిలోల బిడ్డను ఎంత బలమైన చేతులూ పట్టి ఆపలేవు. ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే నేరుగా బిడ్డ మీదకే వస్తుంది. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఆ చట్టం ఉన్నట్టు మా వైపు చాలామందికి తెలియదు. వెనక సీట్లో పిల్లల సీటు కట్టి అందులో కూర్చోబెట్టండి. బుక్ చేసే కారులో అది ఉండదు, సొంతంగా కొనాలి. బిడ్డకు వేసే మొదటి గొలుసు కన్నా చవకగానే వస్తుంది.

ఈ మధ్య బొబ్బిలి నుంచి వచ్చిన ఒక తాతగారు ఇదంతా శ్రద్ధగా విని, కాస్త చిన్నబుచ్చుకున్నారు. "మరి నేను మనవరాలితో ముందు సీట్లో ఎప్పుడు కూర్చోవాలమ్మా?" అన్నారు. వెళ్లేటప్పుడు వెనక సీట్లో పాప పక్కన కూర్చుని కిటికీలోంచి లారీలు చూపించమన్నాను. తిరిగి వచ్చేటప్పుడు ముందు సీటు మొత్తం ఆయనదే.