రాజకీయ కార్టూన్లు: మన ఒడిశా సరిహద్దులో వినబడే అపోహలు - వాస్తవాలు

అపోహ: కార్టూన్లన్నీ విజయవాడ, హైదరాబాద్ వ్యవహారం.
వాస్తవం: తొలి తెలుగు కార్టూనిస్టుగా చెప్పుకునే తలిశెట్టి రామారావు 1906లో పుట్టింది ఒడిశాలోని జయపురంలో.

అపోహ: ముక్కు సాగదీసి, పొట్ట పెంచితే వ్యంగ్యం వచ్చేసినట్టే.
వాస్తవం: దానివల్ల మనిషిని గుర్తుపడతారు, అంతవరకే. కొటియా సంగతే చూడండి. కొరాపుట్ కొండల్లోని 21 ఊళ్లు మావంటే మావని ఆంధ్రా, ఒడిశా తగువులాడుకుంటున్నాయి. ఇద్దరు ముఖ్యమంత్రులు తాడు లాగుతున్నట్టు గీయడం ఎవరికైనా తట్టేదే, పైగా అందులో ఊరు కనబడదు. అక్కడ చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. బదులుగా ఇలా గీయండి: గిరిజన రైతు ఒక్కో చేత్తో ఒక్కో రాష్ట్రం రేషన్ కార్డు పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా రెండు జీపులు, రెండు మైకులు. మైకులు అడుగుతాయి, "నువ్వు ఎవరివాడివి?" రైతు అంటాడు, "ముందు ఎలక్షన్లు ఎవరివి బాబూ?" ఏ నాయకుడి మొహమూ గీయక్కర్లేదు, ప్రభుత్వాలు మారినా బొమ్మ పాతబడదు.

అపోహ: యుద్ధం మీద బొమ్మ వేస్తే సైనికుణ్ణి వెక్కిరించినట్టే.
వాస్తవం: గురి ఎవరి మీదన్నది చూడాలి. 1939 సెప్టెంబర్ 20న లండన్ పత్రికలో డేవిడ్ లో (David Low) అనే కార్టూనిస్టు వేసిన బొమ్మలో హిట్లర్, స్టాలిన్ టోపీలు తీసి, నడుం వంచి, మహా మర్యాదగా ఒకరినొకరు తిట్టుకుంటారు. వాళ్ల మధ్య నేల మీద పోలండ్ శవం. ఆ మర్యాదే అక్కడ కత్తి. శవాన్ని చూసి నవ్వమని ఆయన అడగలేదు.

అపోహ: ఎంత గొడవ లేస్తే అంత గొప్ప కార్టూన్.
వాస్తవం: చాలాసార్లు జనం తిట్టేది కత్తిరించిన ముక్కని. ఫార్వర్డ్ చేసేవాడు తేదీ కోసేస్తాడు, బెలూన్‌లో (పాత్ర మాటలు రాసే బుడగలో) మాట మార్చేస్తాడు. అందుకని సంతకం, తేదీ మూలన కాకుండా కుర్చీ కాళ్ల మధ్యో, గోడ మీదో, బొమ్మలో కలిసిపోయేలా వేయండి. బరంపురం, రాయగడల్లో ఇంకో చిక్కుంది. తెలుగు బెలూన్ ఒడియా గ్రూపులోకి వెళ్తే, పక్కవాడు చెప్పిందే అర్థం. మాటలు ఏడెనిమిదికి మించనివ్వకండి. ఒడియా ప్రతి కూడా చేసి, ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్లచేత చదివించండి.

అపోహ: ఆన్‌లైన్ పోస్టుల మీద కేసులు పెట్టే ఐటీ చట్టం సెక్షన్ 66ఎ కొట్టేశారు కాబట్టి కేసులుండవు.
వాస్తవం: 2015లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ని కొట్టేసినా, మిగతా చట్టాలు అలాగే ఉన్నాయి. భారతీయ న్యాయ సంహితలో 196 (వర్గాల మధ్య వైరం), 299 (మత భావాలు), 356 (పరువు నష్టం) ఉన్నాయి. జాతీయ జెండాను అవమానిస్తే 1971 చట్టం కింద మూడేళ్ల దాకా జైలు. అందుకే మతాన్ని గుర్తుచేసే బొట్టు, టోపీ, తలపాగా కథకి అవసరం లేకపోతే చెరిపేయండి.

అపోహ: ఫోన్‌లో బాగుంటే పేపర్లోనూ బాగుంటుంది.
వాస్తవం: 0.3 మిల్లీమీటర్ల గీత సగానికి కుదిస్తే 0.15 అవుతుంది, న్యూస్‌ప్రింట్ మీద తెగిపోతుంది. ఒత్తులున్న అక్షరాలు ముద్దకడతాయి. అచ్చయ్యే సైజుకి ఒకటిన్నర రెట్లు పెద్దగా, లావు పెన్నుతో గీయండి. గీతల బొమ్మను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి, వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి. వానాకాలం ఇండియన్ ఇంకు ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, పెన్సిల్ గీతలు తొందరపడి చెరపకండి.