విమానవాహక నౌక: చిన్నదా, పెద్దదా అన్న వాదన ఎక్కడ మొదలైంది?

మన నౌకాదళానికి కావలసిన మూడో విమానవాహక నౌక ఇప్పటి విక్రాంత్‌లా 45,000 టన్నులది చాలా, లేక 65,000 టన్నులది కావాలా అన్న చర్చ మళ్ళీ రాజుకుంది. తూర్పు నౌకాదళ కేంద్రం విశాఖలోనే ఉంది కాబట్టి విజయవాడ, గుంటూరులలో స్థిరపడిన మాజీ నావికులకు ఇది దూరపు సంగతి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా, జపాన్‌లు తలపడిన పెర్ల్ హార్బర్, మిడ్‌వే యుద్ధాల కథ అందరికీ తెలిసినదే. ఈ వాదనకు అసలు మూలం మాత్రం ఓడల తయారీకి పట్టే కాలంలో ఉంది.

కొత్త పెద్ద నౌకలు 1944కు ముందు చేతికి రావన్న అంచనాతో, నిర్మాణం సగంలో ఉన్న క్రూయిజర్లనే (మధ్యస్థాయి యుద్ధనౌకలనే) విమానవాహకాలుగా మార్చమని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1941లో సూచించారు. నౌకాదళ పెద్దలు మొదట ఒప్పుకోలేదు. పెర్ల్ హార్బర్ దెబ్బ తరువాతే ఒప్పుకున్నారు. అలా ఇండిపెండెన్స్ తరగతికి చెందిన తొమ్మిది నౌకలూ 1943 ఒక్క ఏడాదిలోనే దళంలో చేరాయి. ఒక్కొక్కదాని మీద పట్టేవి 30కి కాస్త అటూఇటుగా విమానాలే అయినా, 1944 జూన్‌లో ఫిలిప్పీన్ సముద్ర యుద్ధానికి వెళ్ళిన అమెరికా దళంలో ఏడు పెద్ద నౌకల సరసన ఎనిమిది తేలికపాటివి నిలిచాయి. పెద్ద నౌకల పక్షం వారు ఆ తొమ్మిదిలో ఒకటైన ప్రిన్స్‌టన్‌ను గుర్తుచేస్తారు: 1944 అక్టోబరులో అది ఒకే ఒక్క బాంబు రేపిన మంటలకు బలైంది. 1944 అన్న అంచనాకు ముందే, 1942 చివరి రోజున, కొత్త పెద్ద నౌకల్లో మొదటిదైన ఎసెక్స్ వచ్చేసిందన్న మాటా నిజమే.

బ్రిటన్ 1942లో ఇదే దారి పట్టినా, యుద్ధనౌకలు కట్టిన అనుభవం లేని షిప్‌యార్డులు కూడా కట్టగలిగేలా, వాణిజ్య నౌకల ప్రమాణాలతో డిజైన్ గీయించింది. యుద్ధం గడిచేదాకా, అంటే మూడేళ్ళు పనిచేస్తే చాలనుకున్న ఆ నౌకల్లో ఒకటి హెర్క్యులిస్. యుద్ధం ముగియడంతో పని సగంలో ఆగిపోయిన దానిని భారత్ 1957లో కొని, 1961లో విక్రాంత్ పేరుతో దళంలో చేర్చుకుంది. అది 1997 దాకా, 36 ఏళ్ళు పనిచేసింది!

1971 నాటికి దాని నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్ళు వచ్చాయి. వేగం తగ్గితే డెక్ మీద ఎదురుగాలి తగ్గుతుంది, విమానం లేవడం కష్టమవుతుంది; అందుకే ఆ నౌకను యుద్ధానికి పంపాలా వద్దా అని తర్జనభర్జనలు జరిగాయి. చివరికి బంగాళాఖాతానికి పంపగా, డిసెంబరు 4న దాని సీహాక్ విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అప్పటికే విశాఖ తీరంలో మునిగిపోయింది. అటువైపు పాకిస్తాన్ వైమానిక బలం స్వల్పం కాబట్టి అది సాధ్యమైందని, అరేబియా సముద్రంలో ఆ సాహసం చెల్లేది కాదని పెద్ద నౌక కోరేవారంటారు. ఆ మాటలో బలముంది.

అయినా, కొచ్చిలో 2009లో కీల్ (ఓడ అడుగు దూలం) వేసిన కొత్త విక్రాంత్ దళంలో చేరేసరికి 2022 సెప్టెంబరు వచ్చింది. ఒకసారి కట్టిన డిజైన్‌తోనే మరొకటి కట్టడానికి పదమూడేళ్ళు పట్టనక్కరలేదన్నది చిన్న నౌక పక్షం వారి లెక్క. 65,000 టన్నుల నౌకకు డిజైన్ కొత్తగా మొదలుపెట్టాలి. అది పూర్తయ్యేలోగా మన మరో విమానవాహక నౌక విక్రమాదిత్య వయసు మీరితే ఆ లోటు దేనితో పూడుస్తారన్న ప్రశ్నను అవతలి పక్షం దాటవేస్తూనే ఉంది.